ఇంటర్వ్యూలో “మీ బలహీనత ఏంటి?” అంటే నోరు పెగలడం లేదు, బుధవారం బెజవాడలో ఇంకో ఇంటర్వ్యూ ఉంది

బ్రాడీపేట_బీకాం | శుక్రవారం రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మాది గుంటూరు. బీకాం అయ్యాక ఏడాదిన్నరగా అరండల్‌పేటలో ఒక ఆడిటర్ గారి ఆఫీసులో చేస్తున్నాను. టాలీ (లెక్కల సాఫ్ట్‌వేర్) ఎంట్రీలు, జీఎస్టీ రిటర్నులు నా పని. జీతం ఇంటికి చాలడం లేదని బెజవాడలో అకౌంట్స్ ఉద్యోగాలకు తిరుగుతున్నాను. ఇప్పటికి రెండు ఇంటర్వ్యూలు పోయాయి.

రెండు చోట్లా పని గురించి అడిగినవన్నీ చెప్పాను. బ్యాంకు రీకన్సిలియేషన్ (బ్యాంకు లెక్కనీ, మన పుస్తకాల లెక్కనీ సరిచూడటం) చేయమంటే కాగితం మీద చేసి చూపించాను. చివర్లో “మీ బలాలు, బలహీనతలు చెప్పండి” అనేసరికి గొంతు ఆరిపోయింది. మొదటి చోట యూట్యూబ్‌లో విన్నట్టే “నేను పర్ఫెక్షనిస్టునండి, అదే నా వీక్‌నెస్” అన్నాను. ఆయన పెన్నుకి మూత పెట్టేసి “సరే అమ్మా, మేమే ఫోన్ చేస్తాం” అన్నారు. రెండో చోట భయపడి “నాకు బలహీనతలేం లేవండి” అన్నాను. బయటికొచ్చి బస్టాండు దాకా నడుస్తూ ఏడ్చాను.

బుధవారం పదకొండు గంటలకు బెంజి సర్కిల్ దగ్గర ఒక డిస్ట్రిబ్యూషన్ కంపెనీలో ఉంది. మధ్యలో నాలుగు రోజులే. ఏం చెప్పాలో చెప్పండి, దయచేసి.

పటమట_హెచ్ఆర్ | శుక్రవారం రాత్రి 10:25

చెల్లీ, ముందు టెన్షన్ పడకు. పన్నెండేళ్ళుగా నేను ఆ బల్లకి అవతలి వైపు కూర్చుంటున్నాను. అక్కణ్ణించి ఎలా కనిపిస్తుందో చెప్తాను.

మొన్న ఒక్క రోజులో తొమ్మిది మందిని చూశాను. ఆరుగురు “పర్ఫెక్షనిస్ట్” అన్నారు. మిగిలినవాళ్ళు “అందరినీ తొందరగా నమ్మేస్తాను”, “కొంచెం ఎమోషనల్”. ఈ మాటలు చెవినపడగానే మేము రాసుకోవడం ఆపేస్తాం. కోపం వచ్చి కాదు, రాసుకోవడానికి అందులో ఏమీ ఉండదు.

నాకు కావలసింది చిన్న సంగతి. రేపు నీ పనిలో తప్పు దొర్లితే నువ్వే వచ్చి చెప్తావా, నేను కనిపెట్టేదాకా ఊరుకుంటావా? అకౌంట్సులో ఊరుకున్న తప్పు మార్చి నెలాఖరుకి బయటపడుతుంది. అప్పటికి దాన్ని సరిచేయడానికి నలుగురు రాత్రుళ్ళు కూర్చోవాలి. “బలహీనతలు లేవు” అన్న మనిషి ఆ మార్చిలో ఏం చేస్తుందోనని నాకు భయం వేస్తుంది. అందుకే నిన్ను తీసుకోలేదేమో అనిపిస్తోంది.

కృష్ణలంక_కుర్రాడు | శుక్రవారం రాత్రి 11:05

హెచ్ఆర్ గారూ, మీరు చెప్పింది వినడానికి బాగుంది. నేను నిజమే చెప్పి మునిగాను. గోడౌన్‌లో స్టోర్ కీపర్ ఉద్యోగం. వీక్‌నెస్ అడిగితే “ఇంగ్లీషు రాదు సార్” అన్నాను. మా ఇంట్లో డిగ్రీ చదివినవాణ్ణి నేనే మొదటివాణ్ణి, పదో తరగతి దాకా తెలుగు మీడియం. అక్కడితో ఇంటర్వ్యూ అయిపోయింది. నాతో వచ్చినవాడు ఏదో కల్లబొల్లి కబురు చెప్పి సెలక్ట్ అయ్యాడు. నిజం చెప్తే నష్టపోయేది మనమే, చెల్లెమ్మా. జాగ్రత్త.

పటమట_హెచ్ఆర్ | శనివారం ఉదయం 7:10

తమ్ముడూ, నీకు జరిగింది అన్యాయమే. సరుకు లెక్క, స్టాకు రిజిస్టరు చూసుకునే ఉద్యోగానికి ధారాళమైన ఇంగ్లీషు ఎందుకు? అక్కడ అడిగినవాళ్ళది పొరపాటు. అది ఒప్పుకున్నాకే మిగతాది చెప్తున్నాను.

“ఇంగ్లీషు రాదు” అంటే తలుపు మూసేసినట్టే. విన్నవాళ్ళు ఎంత రాదో వాళ్ళే ఊహించుకుంటారు, ఎప్పుడూ ఎక్కువే ఊహించుకుంటారు. “ఇన్‌వాయిసు, ఈమెయిలు చదివి అర్థం చేసుకుంటాను, జవాబు రాస్తాను. ఫోన్‌లో గబగబా మాట్లాడితే తడబడతాను. అందుకని రోజూ సాయంత్రం అరగంట మా ఫ్రెండ్‌తో ఇంగ్లీషులోనే మాట్లాడుతున్నాను” అని చెప్పు. ఎంత వచ్చో, ఎంత రాదో నీ నోటితోనే కొలత వేసి ఇవ్వు. ఆ కొలత వాళ్ళ చేతికి వదలకు.

ఆటోనగర్_షెడ్డు | శనివారం ఉదయం 8:30

మాది ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్డు. ఇరవై రెండు మంది పనిచేస్తారు. నేను పెద్ద చదువులు చదువుకోలేదు. బలాలు బలహీనతలు అని అడగను. “నువ్వు పాడుచేసిన పని ఒకటి చెప్పు” అంటాను.

ఎనిమిదేళ్ళ కిందట ఒక కుర్రాడు వెల్డింగ్ పనికొచ్చాడు. అడిగితే కాసేపు తల దించుకుని అన్నాడు: “పాత షెడ్డులో ఇనప చానల్ కాస్త పొట్టిగా కోసేశాను. టేపు చివర కొక్కెం వంగిపోయి ఉంది, చూసుకోలేదు. ఓనరు జీతంలో పట్టుకున్నాడు. ఆ రోజు నుంచి టేపు మొదటి అంగుళం వాడను. ఒకటి దగ్గర పెట్టి కొలిచి, చివర్లో ఒకటి తీసేస్తాను.” సుద్దముక్క తీసుకుని నేల మీద గీసి మరీ చూపించాడు. అప్పుడే చెప్పాను, సోమవారం నుంచి రమ్మని. ఈరోజు మా షెడ్డులో కొలతలన్నీ అతని చేతి మీదుగానే వెళ్తాయి.

అమ్మా, నువ్వు పాడుచేసిన పని ఏదో ఒకటి ఉంటుంది. అది వెతుకు.

తెనాలి_పీఓ | శనివారం ఉదయం 10:50

నా అనుభవం కూడా రాస్తాను, ఎవరికైనా పనికొస్తుంది. ఐబీపీఎస్ పీఓకి (బ్యాంకు ప్రొబేషనరీ ఆఫీసరు ఉద్యోగానికి) మెయిన్స్ రాతపరీక్ష తర్వాత ఇంటర్వ్యూ ఉంటుంది, 100 మార్కులకి. తుది జాబితాలో మెయిన్స్‌కి 80, ఇంటర్వ్యూకి 20 పాళ్ళు. మొదటిసారి నేను పోయింది అక్కడే.

కోచింగ్‌లో నేర్పిన జవాబు బట్టీపట్టి వెళ్ళాను. “ఎవరికీ కాదని చెప్పలేను, అదే నా బలహీనత” అన్నాను. మంచి మనిషినని అనుకుంటారని నా ఆశ. బోర్డులో మేడమ్ ఒకావిడ కళ్ళజోడు తీసి అడిగారు: “మీ బ్రాంచిలో పెద్ద ఖాతాదారుడు వచ్చి, పత్రాలు సరిగ్గా లేకపోయినా లోను ఇమ్మంటే? ఆయనకీ కాదని చెప్పలేరా?” నా దగ్గర మాట లేదు. లోను ఇచ్చే కుర్చీలో కూర్చోవాలనుకుంటూ కాదని చెప్పలేనని నా నోటితోనే చెప్పుకున్నాను.

అరువు తెచ్చుకున్న జవాబుతో ఇదే ప్రమాదం. మొదటి వాక్యం వాళ్ళిస్తారు, రెండో ప్రశ్నకి మనం ఒంటరిగా నిలబడాలి. రెండోసారి నిజంగా జరిగింది చెప్పాను, అప్పుడు ఎన్ని ప్రశ్నలు వేసినా భయం లేదు. జరిగిన సంగతే కదా, గుర్తు చేసుకుంటే చాలు.

ఎస్సెస్సీ_2025 | శనివారం మధ్యాహ్నం 12:15

నేను సీజీఎల్‌కి (కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాలకి ఎస్సెస్సీ పెట్టే పరీక్ష) చదువుతున్నాను అన్నా. నాకు కూడా ఇవన్నీ ప్రిపేర్ అవ్వాలా?

తెనాలి_పీఓ | శనివారం మధ్యాహ్నం 12:40

అక్కర్లేదు తమ్ముడూ. కేంద్రంలో గ్రూప్ సి, నాన్ గెజిటెడ్ గ్రూప్ బి పోస్టులకు 2016 జనవరి 1 నుంచి ఇంటర్వ్యూలు తీసేశారు. బ్యాంకు క్లర్కుకి కూడా లేదు. పీఓకి ఉంది, సివిల్స్‌లో 275 మార్కులకు ఉంది. నువ్వు ప్రస్తుతానికి లెక్కలు చేసుకో.

నల్లపాడు_మాస్టారు | శనివారం సాయంత్రం 6:20

ముప్పై ఏళ్ళు పిల్లలకు పాఠాలు చెప్పినవాణ్ణి. అమ్మాయీ, నీ బలహీనత నీకు దొరకడం లేదంటే అందులో ఆశ్చర్యమేం లేదు. గురివింద గింజ తన నలుపు ఎరగదని ఊరికే అన్నారా. 1955లో జోసెఫ్ లుఫ్ట్, హారింగ్టన్ ఇంగామ్ అనే ఇద్దరు మనస్తత్వవేత్తలు ఇదే సంగతిని నాలుగు గళ్ళ కిటికీలా గీసి చూపించారు. ఇద్దరి పేర్లూ కలిపి దాన్ని జొహారీ విండో అంటారు. ఒక గడిలో నీకూ, పదిమందికీ తెలిసినవి. ఒక దాంట్లో నీకు మాత్రమే తెలిసినవి. ఇంకో దాంట్లో ఎవరికీ తెలియనివి. నాలుగో గడిలో ఉన్నవి పదిమందికీ తెలుసు, నీకే తెలియదు. నీకిప్పుడు కావలసింది ఆ నాలుగో గడి.

అద్దంలో చూసుకుంటే అది కనపడదు. వెళ్ళి అడగాలి. ముగ్గుర్ని అడుగు: ఇంట్లో ఒకరు, పనిలో ఒకరు, స్నేహితుల్లో ఒకరు. “నాతో పనిచేసేటప్పుడు నీకు చిరాకు తెప్పించేది ఏంటి?” అని ఇదే మాటతో అడుగు. మధ్యలో అడ్డం రాకు, సమర్థించుకోకు. రాసుకో.

బలాల సంగతీ చెప్తాను. మన ఇళ్ళలో సొంత డబ్బా కొట్టుకోకూడదని చిన్నప్పటి నుంచీ చెప్తాం. అది మంచి పెంపకమే. అందుకే మన పిల్లలకు “ఐ యామ్ హార్డ్ వర్కింగ్” అనడానికి నాలుక తిరగదు, తిరిగినా అప్పగించిన పాఠంలా ఉంటుంది. నిన్ను నువ్వు పొగుడుకోవద్దు. నిన్ను నమ్మి ఎవరు ఏం అప్పజెప్పారో చెప్పు. ఆఫీసు తాళాలు ఎవరి దగ్గరుంటాయి? క్లయింటు కోపంగా ఫోన్ చేస్తే ఎవరికిస్తారు? అది గొప్పలు చెప్పుకోవడం అవదు, జరిగింది చెప్పడం.

మిర్చియార్డు_గుమస్తా | ఆదివారం ఉదయం 6:45

మాస్టారు చెప్పింది అక్షరాలా నిజం. నేను గుంటూరు యార్డులో ఒక కమీషన్ కొట్లో గుమస్తాని. సీజన్‌లో తెల్లవారుజాము నుంచే టిక్కీలు (మిర్చి బస్తాలు) దిగుతుంటాయి. చేరిన కొత్తలో నన్ను నేను చాలా చురుకనుకునేవాణ్ణి. తాలు కాయ (నాసిరకం మిర్చి) ఎంత కలిసిందో గుప్పెడు కాయ చేతిలోకి తీసుకుని చెప్పేవాణ్ణి.

మా షావుకారు గారు ఒకరోజు నా కాటా చీటీ పట్టుకొచ్చి “ఇది ఒకటా, ఏడా?” అన్నారు. నాకే తెలియలేదు. 41 కిలోలా, 47 కిలోలా? ఒక్క టిక్కీ మీద ఆరు కిలోలు, అది రైతు సొమ్ము. ఆ రైతు ఎదురుగానే నిలబడి ఉన్నాడు. మళ్ళీ కాటా వేయించాం. అప్పటి నుంచి ఏడుకి నడుం మీద అడ్డగీత పెడతాను, ప్రతి చీటీ రైతుకి పైకి చదివి వినిపించాకే సంతకం చేస్తాను.

మా అబ్బాయి ఇంటర్వ్యూకి వెళ్తూ ఏం చెప్పాలి నాన్నా అంటే ఈ కథే చెప్పాను. చేతిరాత బాగోలేదన్నది బలహీనత. ఏడుకి అడ్డగీత దాని మందు.

బ్రాడీపేట_బీకాం | ఆదివారం రాత్రి 8:55

మాస్టారు గారూ, అడిగాను. కష్టంగానే అనిపించింది.

అమ్మని అడిగితే దోసె తిప్పుతూ తడుముకోకుండా చెప్పింది: “చెప్పింది సగమే వింటావు. ఉప్పు తెమ్మంటే ఏ ఉప్పో అడక్కుండానే చెప్పులేసుకుంటావు.” ఫ్రెండ్ కూడా దాదాపు అదే. ఆఫీసులో మా సీనియర్ అక్క చాలాసేపు ఆలోచించి “నీ స్పీడు నాకిష్టం. ఆ స్పీడుతోనే ఆ బిల్లు గొడవ తెచ్చావు కదా” అంది. అది నేను మర్చిపోవాలని చూస్తున్న సంగతి.

జరిగింది ఇది. మా క్లయింటు ఒకాయన ఒక షాపుకి లక్ష రూపాయల సరుకు అమ్మారు, పన్ను 18,000. టాలీలో దాదాపు ఆ షాపు పేరుతోనే రెండు లెడ్జర్లు (ఖాతాలు) ఉన్నాయి, వేరే వేరే ఓనర్లవి. నేను పైన కనిపించినదాన్ని ఎంచేసుకున్నాను. జీఎస్టీఆర్-1 (అమ్మకాల రిటర్ను) పదకొండో తారీఖులోపు వెయ్యాలి, తొందర. పద్నాలుగున ఆ షాపాయన 2బి (తనకొచ్చే పన్ను క్రెడిట్ చూపించే స్టేట్‌మెంటు) చూసుకుంటే బిల్లు లేదు, వేరేవాళ్ళకి వెళ్ళిపోయింది. ఆయనకి రావాల్సిన 18,000 క్రెడిట్ ఆ నెల ఆగిపోయింది. క్లయింటుకి ఇవ్వాల్సిన డబ్బు ఆయన బిగబట్టాడు. మా సార్ నన్నేం అనలేదు, అదే ఎక్కువ బాధేసింది. తర్వాతి నెల రిటర్నులో అమెండ్‌మెంట్ (సవరణ) వేసి సరిచేశాం.

అప్పటి నుంచి ఒక నోటు బుక్కు పెట్టుకున్నాను. ప్రతి బిల్లుకి జీఎస్టీ నంబరులో చివరి ఆరు అక్షరాలు బిల్లు మీద ఒకసారి, స్క్రీన్ మీద ఒకసారి చదివి టిక్కు పెడతాను. తొమ్మిది నెలలైంది. కానీ అకౌంట్స్ ఉద్యోగానికి వెళ్ళి నేను అకౌంట్సులో తప్పు చేశానని ఎలా చెప్పను?

పటమట_హెచ్ఆర్ | ఆదివారం రాత్రి 9:30

నాకూ అదే సందేహంగా ఉంది చెల్లీ. ఉద్యోగానికి మూలమైన పనిలోనే బలహీనత ఉందని చెప్పడం రిస్కు. డ్రైవరు ఉద్యోగానికి వెళ్ళి కళ్ళు సరిగ్గా కనపడవు అనకూడదు కదా. “నలుగురి ముందు మాట్లాడాలంటే బెరుకు” లాంటిది నీకు నిజంగా ఉంటే అది చెప్పడం మేలేమో.

ఆటోనగర్_షెడ్డు | ఆదివారం రాత్రి 9:50

మేడమ్, మీ మాట కాదంటున్నందుకు ఏమనుకోకండి. ఆ అమ్మాయికి కళ్ళు కనపడకపోవడం కాదు, ఒకసారి టేపు కొక్కెం చూసుకోలేదు, అంతే. తొమ్మిది నెలల నోటు బుక్కు ఉంది. నా దగ్గరికొచ్చి ఆ పుస్తకం బల్ల మీద పెడితే నేను ఇంకేం అడగను. బెరుకు సంగతి చెప్తే అది ఎవరైనా చెప్పేదే.

పటమట_హెచ్ఆర్ | ఆదివారం రాత్రి 10:15

ఆలోచిస్తే మీ మాటే సబబుగా ఉందండి. నేను ఒప్పుకుంటాను. ఒక్క షరతు. చెల్లీ, కథ తప్పు దగ్గర ఆపకు. తప్పు రెండు వాక్యాలు, సరిచేసింది రెండు వాక్యాలు, ఇప్పుడు ఏం చేస్తున్నావో మూడు. క్లయింటు పేరు, షాపు పేరు మాత్రం నోటి వెంట రానీయకు. వాళ్ళ లెక్కలు బయట చెప్పేదానివని ముద్ర పడితే ఇక ఏ జవాబూ నిన్ను కాపాడదు. నోటు బుక్కు కూడా తీసుకెళ్ళకు, అందులో అందరి నంబర్లూ ఉంటాయి. ఖాళీ కాగితం మీద గీసి చూపించు.

నల్లపాడు_మాస్టారు | సోమవారం ఉదయం 6:30

అమ్మాయీ, ఇలా చెప్పి చూడు. నీ మాటల్లోకి మార్చుకో, నా మాటలు బట్టీపట్టకు.

“పని త్వరగా చేస్తానండి, ఆ తొందరలో ఒక్కోసారి చూసుకోకుండా ముందుకెళ్ళేదాన్ని. ఒకసారి ఒకేలాంటి పేరున్న రెండు పార్టీల్లో ఒకరి బిల్లు ఇంకొకరికి వేశాను. వాళ్ళకి క్రెడిట్ నెల ఆలస్యమైంది. విషయం తెలిసిన రోజే మా సార్‌కి చెప్పాను, తర్వాతి రిటర్నులో సరిచేశాం. అప్పటి నుంచి ప్రతి నంబరూ రెండుసార్లు చదివి టిక్కు పెట్టాకే సేవ్ చేస్తాను. దానికి రోజుకి పదిహేను నిమిషాలు ఎక్కువ పడుతుంది.”

నిమిషం కూడా పట్టదు. ఆ పదిహేను నిమిషాల మాట వదలకు, ఖరీదు కట్టి చెప్పిన మాటని నమ్ముతారు. నిజంగా ఎంత పడుతుందో చూసుకుని అదే చెప్పు. ఇంట్లో అమ్మకి రెండుసార్లు వినిపించు. అద్దం ముందు వద్దు, మనిషి ముందు చెప్పు.

బ్రాడీపేట_బీకాం | బుధవారం సాయంత్రం 5:35

రైల్లోంచి రాస్తున్నాను. అయింది.

ముగ్గురు కూర్చున్నారు. “తెలుగులో చెప్పొచ్చాండి?” అని అడిగితే “హాయిగా చెప్పమ్మా” అన్నారు. బలం అడిగినప్పుడు, ప్రతి నెలా ఇరవయ్యో తారీఖు 3బి (పన్ను కట్టే రిటర్ను) గడువు దగ్గరపడితే ఆఖరి నిమిషంలో వచ్చే క్లయింట్లని మా సార్ నాకే పంపుతారని, పోయిన ఏడాదిగా నా చేతిలోని ఏ రిటర్నుకీ లేటు ఫీజు పడలేదని చెప్పాను. అది డబ్బాలా అనిపించలేదు, నిజమే కాబట్టి.

బలహీనత అడిగినప్పుడు గొంతు కొంచెం వణికింది. అయినా మొత్తం చెప్పాను. మధ్యలో ఉన్న పెద్దాయన “ఆ తర్వాత మళ్ళీ జరిగిందా?” అన్నారు. ఈ ప్రశ్న వస్తుందని మనం ఎవరమూ అనుకోలేదు. ఒక్క క్షణం “లేదండి” అనాలనిపించింది. “జరగబోయిందండి, రెండుసార్లు. టిక్కు పెట్టేటప్పుడు దొరికింది” అన్నాను. ఆయన తలెత్తి చూశారు. కాగితం ఇచ్చి ఎలా టిక్కు పెడతావో గీయమన్నారు. గీశాను. పక్కనున్న మేడమ్ ఆ కాగితం మడిచి ఫైల్లో పెట్టుకున్నారు.

ఫలితం శుక్రవారం చెప్తామన్నారు. రాకపోయినా, ఈసారి బస్టాండు దాకా ఏడుస్తూ నడవలేదు.

కృష్ణలంక_కుర్రాడు | బుధవారం రాత్రి 7:20

చెల్లెమ్మా, చదువుతుంటే నాకే గుండె కొట్టుకుంది. హెచ్ఆర్ అక్కా, మీరు రాసిన ఆ ఇంగ్లీషు మాటలు కాగితం మీద రాసుకున్నాను. సోమవారం గన్నవరంలో నాకొక ఇంటర్వ్యూ ఉంది. ఫ్రెండ్‌తో అరగంట మాట్లాడటం ఈరోజు నుంచే మొదలుపెట్టాను, లేకపోతే అది అబద్ధం అవుతుంది కదా.

పటమట_హెచ్ఆర్ | బుధవారం రాత్రి 7:45

అదీ మాట, తమ్ముడూ. ఈ ఐదు రోజులూ ఒక్క పూట కూడా మానకు. ఎన్ని రోజులుగా చేస్తున్నావని అడిగితే ఐదు రోజులనే చెప్పు.

బ్రాడీపేట_బీకాం | శుక్రవారం మధ్యాహ్నం 1:10

ఫోన్ వచ్చింది! ఒకటో తారీఖు నుంచి రమ్మన్నారు. అమ్మ పక్కింటావిడకి చెప్పడానికి వెళ్ళింది, ఇంకా రాలేదు. మా సార్‌కి చెప్తే ఆయన సంతోషించి, నెలాఖరు దాకా ఉండి నోటు బుక్కులో పద్ధతి కొత్తమ్మాయికి నేర్పి వెళ్ళమన్నారు.

ఆటోనగర్_షెడ్డు | శుక్రవారం మధ్యాహ్నం 1:30

చాలా సంతోషం తల్లీ. ఒకటో తారీఖు చేరితే పదకొండు దాకా ఊపిరాడదు, డిస్ట్రిబ్యూషన్ అంటే బిల్లులు వందల్లో ఉంటాయి. పొద్దున్నే టిఫిన్ తినకుండా రైలెక్కకు.